కలవని రక్తం

నాలుగో బ్యాగు కూడా కలవలేదు. బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ గాజునాళికను దీపానికి ఎదురుగా పట్టి వంచింది. రోగి రక్తంతో బ్యాగులోది సరిపడితే ఎర్రకణాలు విడిపోయి పొగలా లేవాలి. ఇవేమో మొండికేసి ముద్దగా అడుగునే అంటుకున్నాయి. "నా ఖర్మ!" అనుకుని కొత్త నాళికలు పేర్చి, కొత్త రసాయనం సీసా మూత తీసింది.

పెళ్ళి కాకముందు నుంచీ ఆమెకు ఇదే గది, ఇదే బల్ల. మనుషుల మొహాలు తెలియవు, రక్తాలు తెలుసు. "ఊరందరి రక్తాలూ కలుపుతావు, మనిద్దరికే ఒక్క మాటా కలవదు," అని మొగుడు ఎగతాళి చేస్తాడు. ఫలితం తేడాగా వస్తే ముందు తన చేతినే అనుమానించడం ఆమె అలవాటు. ఆ అలవాటే ఈరోజు పొద్దుటి పూటంతా మింగేసింది.

ఫోన్ మోగింది. వార్డు డాక్టరు.

"ఏమ్మా, ఇంకా పంపలేదేం? మనిషి ఊపిరందక అల్లాడిపోతున్నాడు. ఏదో ఒకటి పంపెయ్."

"కలవనిది ఎక్కించి ప్రాణం తీయమంటారా సార్?" అని విసురుగా పెట్టేసింది.

కిటికీ అవతల రోగి భార్య పొద్దుటినుంచీ నిలబడే ఉంది. చూసినప్పుడల్లా టెక్నీషియన్‌కు ఒళ్ళు మండుతోంది, ఆమె మీద కాదు, ఆ పాడు ముద్దల మీద. చివరికి ఉండబట్టలేక కిటికీ తెరిచింది.

"అక్కా, మీ ఆయనకి ఈమధ్య కొత్త మందేమైనా ఇస్తున్నారా?"

"వారం వారం పొట్టకి సూది వేస్తున్నారమ్మా. ఈ రక్తం క్యాన్సర్‌కి, మైలోమాకి కొత్త మందంట, ఏదో యాంటీబాడీ అన్నారు. బాగా పనిచేస్తోందంట కూడా. ఇక్కడెవరూ అడగలేదు."

ఆ యాంటీబాడీ మందు క్యాన్సర్ కణాలను పట్టుకోవడంతో ఆగదు. పరీక్షలో ఎర్రకణాలను కూడా పట్టుకుని, మంచి రక్తాన్నే కలవనట్టు చూపిస్తుంది. శిక్షణలో ఎప్పుడో విన్న సంగతే. ముందే అడగాల్సిన మాట ఇప్పుడా అడగడం?

"కాసేపు కూర్చో అక్కా, ఇచ్చేస్తా."

ఆ మందుకు పట్టు దొరకనివ్వని రసాయనంలో బ్యాగుల్లోని కణాలను నానబెట్టి, కాళ్ళు నిలవక గదంతా తిరిగి, మళ్ళీ పరీక్షించింది. నాళిక వంచగానే ఎరుపు పొగలా లేచింది. ఆ నాలుగు బ్యాగులూ కలిశాయి. డాక్టరు అడిగినప్పుడు ఏది పంపినా సరిపోయేది. తనను తాను తిట్టుకుంటూ ఒకదానికి చీటీ కట్టి కిటికీ దగ్గరకు పరుగెత్తింది.

అవతల ఎవరూ లేరు. వెనక ఫోన్ మోగింది.

"ఇక అక్కర్లేదమ్మా," అన్నాడు డాక్టరు. ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

కిటికీ గట్టు మీద వదిలేసిన చల్లటి బ్యాగు చెమర్చింది. దానికి కట్టిన చీటీ ఒక అంచు నుంచి మెల్లగా తడుస్తోంది.