గుల్లలోని పూసలు

మందు క్యాప్సూల్ పైగుల్లను ఎముకల జిగురుతో చేస్తారని ఎవరో అనగా విన్నాను. అప్పటి నుంచీ ఏళ్ల తరబడి నాకో సందేహం. ఉల్లిపాయ కూడా ముట్టని మేం, రోగం వస్తే మాత్రం ఆ గుల్లను మింగవచ్చా? డాక్టరు నవ్వుతాడేమోనని అడగలేదు.

నా భార్య సూర్యప్రభ ఎవరినీ అడక్కుండానే తీర్పు చెప్పేసింది. తన కడుపుమంటకు రాసిన క్యాప్సూళ్లను విప్పి, గుల్ల పారేసి, లోపలి తెల్లటి పూసలను కల్వంలో మెత్తగా నూరి, తేనెతో నాకేది. మంట తగ్గలేదు. మా అమ్మాయి గీతకు ఉద్యోగం వస్తే ఆంజనేయస్వామికి వడమాల వేయిస్తానని మొక్కుకుంది. ఉద్యోగం వచ్చి ఏళ్లయింది. ప్రసాదం వడ తినలేని కడుపుతో మాల వేయించడం అపచారమని, ఆ మొక్కూ అలాగే ఉండిపోయింది.

ఈసారి దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు, “నెలలో తగ్గకపోతే గొట్టం వేసి లోపల చూడాలి” అన్నాడు. ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. వాళ్లమ్మ కడుపులో పుండుతోనే పోయింది.

మా మేడ మీద అద్దెకుండే స్వప్న నల్గొండ పిల్ల. ఓ మందుల కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేస్తుంది. ఆదివారం పొద్దున కరివేపాకు కోసం వచ్చి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏంది ఆంటీ, గా మందు పూసలను గట్ల నూరుతున్నరు?”

“గుల్ల మాకు పనికిరాదమ్మా. మందు లోపలే ఉందిగా.”

“అయ్యో! గా పూసల మీది పూత కోసమే మేం ల్యాబ్‌ల నెలలకు నెలలు పరేషాన్ అయితం. కడుపుల యాసిడ్‌కు మందు ఖరాబైతది. పూత ఉంటేనే పేగుల దాంక పోయి, ఆడ కరుగుతది. మీరేమో చట్నీ చేస్తున్నరు!”

సూర్యప్రభ నావైపు తిరిగింది. “విన్నారా? ఇన్నాళ్లూ నేను తిన్నది వట్టి తేనేనట!”

“పోనీ తియ్ ఆంటీ, తీపన్న తిన్నరు.”

అప్పుడు ధైర్యం చేసి గుల్ల సంగతి అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు.

“మొక్కల పీచుతోని చేసే గుల్లలు గూడ ఉంటయి అంకుల్. డాక్టర్‌కు చెప్పి గసొంటిదే రాయించుకోండ్రి. జర నోరు తెరిచి అడగాలె.”

మర్నాడు వెళ్లి అడిగాం. డాక్టరూ నవ్వలేదు గానీ కసిరాడు. “నూరుతున్నామని నాకు చెప్పొద్దా?”

“మీరు అడగలేదు కదండీ,” అంది సూర్యప్రభ.

మొక్కల గుల్ల ఉన్న మందే రాసి, మరో నెల గడువిచ్చాడు. ఆ నెలంతా నేను ఆమె మొహం చూస్తూనే గడిపాను. ముందు త్రేన్పులు తగ్గాయి. తర్వాత ఒకరోజు మిరియాల చారు అడిగి పోయించుకుంది. గొట్టం అక్కర్లేదని డాక్టరు చెప్పిన రోజు, మెట్రో మెట్ల మీద ఆగి కళ్లు తుడుచుకుంది.

అడిగితే తీరే సందేహాన్ని, భక్తి అనుకుని ఇన్నేళ్లు మోశానా? స్వామికే తెలియాలి.

శనివారం ఎల్బీనగర్ గుడిలో స్వామి మెడలో వడమాల పడింది. పూజారి ఇచ్చిన వడను సూర్యప్రభ కళ్లకద్దుకుని కరకరా కొరికింది.

“మిరియాలు కాస్త తక్కువయ్యాయండీ,” అంది.