రత్నవ్వ వేడన్నం

మా వదిన రత్నవ్వ మంచితనం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అన్న మత్తయి ఆర్మూరు పసుపు మార్కెట్లో హమాలీ మేస్త్రి. పొట్ట వచ్చింది, బీపీ వచ్చింది, షుగర్ వచ్చింది. కాలికి పుండు లేచి మానకపోతే నిజామాబాదు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ గోళీలు రాసి, వేడన్నం తగ్గించమంది.

"రాత్రి జొన్నరవ్వతో గట్క వండి చల్లారబెట్టండి, పొద్దున మజ్జిగ పోసి తినండి. చల్లారితే అందులో కొంత పిండి తొందరగా అరగదు, పెద్దపేగు దాకా పోతుంది. అక్కడి మంచి బ్యాక్టీరియాకు అదే తిండి. వాటి కడుపు నిండితే షుగర్ అదుపుకు సాయం. గోళీలు మాత్రం ఆపకండి, కాలు పోతుంది."

"కడుపుల పురుగులకు బువ్వ వెట్టాల్నట!" అని అన్న బస్సులో అందరికీ చెప్పి నవ్వాడు.

వదిన నవ్వలేదు. ఆ రాత్రే గట్క వండింది. నాకు ప్రాణం కుదుటపడింది.

గోళీలు మింగుతూనే ఉన్నాడు, షుగర్ దిగలేదు. పుండు నల్లబడింది. ఓ పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. అన్న పళ్ళెంలో పొగలు కక్కే అన్నం. పొయ్యి పక్కన వదిన గిన్నెలో గట్క.

"గిదేంది వదినె? గట్క నువ్వు తింటున్నవా?"

"బస్తాలు మోసేటోడు కృపా. మొగని ముంగట సల్లది వెట్టాల్నంటె నాకు చేతులొస్తలెవ్వు. పారబొయ్యలేక నేనే తింటున్న."

మా ఇళ్ళలో రాత్రి మిగిలిన సద్ది ఆడదాని వంతు. ఆ సంగతి డాక్టరమ్మకు ఎవరు చెప్పాలి?

"నీ నోరేమైంది అన్నా?"

"మేస్త్రి సద్ది తింటుండంటె హమాలోళ్ళల్ల నా ఇజ్జత్ ఏంగావాలె?"

"కాలు వోయినంక ఇజ్జత్ మీద నడుస్తవా?" అని అరిచాను.

ఆ వారమే మోకాలి కింద కాలు తీసేశారు. డాక్టరమ్మ వదినకూ పరీక్ష చేసింది. షుగర్ లేదు, బీపీ లేదు. "నువ్వేం తింటావమ్మా?" అంటే వదిన "గట్కనే" అంది, నేల చూస్తూ. నాకు ఏడుపొచ్చింది.

తెలివి వచ్చాక అన్న అడిగిన మొదటి మాట, "రత్నా, గట్క తే. సల్లగనే తే."

వదిన తెచ్చింది. మూత తీస్తే ఆవిరి నా మొహానికి కొట్టింది. తెల్లటి అన్నం.

"వార్డుల అందరు సూస్తున్నరు కృపా," అంది మెల్లగా. "కాలు వోయినోనికి సద్ది వెట్టిందంటరు."

అన్న చుట్టూ మంచాల వైపు చూశాడు. మిగిలిన కాలును దుప్పటి కిందికి లాక్కుని అన్నం కలుపుకున్నాడు.