సోఫాలో కూర్చున్న సబ్‌వూఫర్

వెనక గదిని హోమ్ థియేటర్‌గా మార్చుకున్న క్యాషియరుకి స్పీకర్లన్నీ చక్కగా కుదిరాయి గానీ, డ్రమ్ముల్లాంటి లోతైన శబ్దాలిచ్చే సబ్‌వూఫర్ పెట్టె ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. ఎక్కడ పెట్టినా సోఫాలో కూర్చుంటే ఒక పాటకి దడదడలాడుతుంది, ఇంకో పాటకి మూగబోతుంది. షాపతనికి ఫోన్ చేస్తే ఒక చిట్కా చెప్పాడు. సబ్‌వూఫర్‌ని సోఫాలో పెట్టి, పాట వేసి, గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ బాగా వినిపిస్తే అదే దాని చోటు.

అతను అలా పాకుతుండగా మామగారు వచ్చారు. సోఫాలో దర్జాగా కూర్చున్న నల్లపెట్టెనీ, నేల మీద అల్లుడినీ మార్చి మార్చి చూశారు.

"ఏం పోయింది బాబూ?"

"ఏం పోలేదు మామయ్యా, శబ్దం ఎక్కడ బాగుందో వెతుకుతున్నా."

సంగతంతా విన్నాక ఆయనా ఉత్సాహంగా మోకాళ్లూనారు. ఇటు గోడ అల్లుడిది, అటు గోడ మామగారిది. కాసేపటికి మూలనున్న కుట్టుమిషను కింద తల దూర్చి ఆయన కేకేశారు. "ఇక్కడ బాబూ! డ్రమ్ము నా కడుపులోనే మోగుతోంది!"

ఆ కేకకి అతని భార్య పరిగెత్తుకొచ్చింది. "నా మిషను కింద మీకేం పని నాన్నా?"

ఇద్దరూ గతుక్కుమన్నారు. మామగారే తేరుకున్నారు. "కిటికీ దగ్గరైతే నీకు వెలుతురు బాగుంటుంది కదమ్మా, అదే చూస్తున్నాం."

ఆమె పకపకా నవ్వింది. "అబద్ధమైనా అతికినట్టు చెప్పారు. సరే, అటు పట్టండి."

ముగ్గురూ కలిసి మిషను జరిపారు. ఆ మూలకి సబ్‌వూఫర్ చేరాక పాట మళ్లీ వేస్తే, సోఫాలో ముగ్గురి కాళ్లూ వాటంతటవే తాళం వేశాయి.