నింద బావది, మోత అక్కది

మా బావ మహాత్ముడని ఆయన పోయిన రోజు పొద్దున్నే నాకు తెలిసింది. అంతవరకూ ఆయన్ని పనికిమాలినవాడనే అనుకున్నాను. ఇప్పటికీ పెద్ద తేడా లేదు. కాకపోతే అప్పుడు ఊరికే అనుకునేవాణ్ణి, ఇప్పుడు కారణం తెలిసి అనుకుంటున్నాను.

ఆయనది రొట్టెల బట్టీ. ముందు గదిలో పొయ్యి, వెనక రెండు గదుల్లో కాపురం. పొయ్యి దగ్గర బావ నిలబడితే, పిండి తొట్టి దగ్గర మా అక్క కూర్చునేది. ఆ సందులో జనం రొట్టె కొనడానికి వచ్చి బావ మొహం వైపు చూసేవాళ్ళు కారు. "ఇవాళ అమ్మగారే కలిపారా?" అని అడిగి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకునేది. ఆమెకున్న గర్వం అదొక్కటే.

బావకు మాత్రం వేరే పిచ్చి ఉండేది. పెళ్ళికి ముందే ఎవరో ఫకీరు దగ్గర చేరాడు. ఆ ఫకీరు చూపించిన దారి ఏమిటంటే, దేవుణ్ణి ఎంత ప్రేమించినా పైకి పొక్కనివ్వకూడదు. జనం కళ్ళకు చెడ్డవాడిలాగే కనపడాలి, నలుగురి చేతా తిట్లు తినాలి. సూఫీల్లో అలాంటి దారి ఒకటి ఉందని నాకు చాలాకాలం తర్వాత ఎవరో చెప్పారు. తిట్లు తినడానికి గురువు దాకా ఎందుకు, నన్నడిగితే ఊరికే నేర్పి ఉండేవాణ్ణి.

"నిన్ను నలుగురు మెచ్చుకున్నారంటే నీకూ దేవుడికీ మధ్య నలుగురు అడ్డం నిలబడ్డట్టే" అనేవాడు బావ. వినడానికి బాగానే ఉంటుంది. చేసే పనులు చూస్తే ఒళ్ళు మండేది. తెల్లవారకముందే లేచి, పొయ్యి వెనక ఎవరికీ కనపడకుండా నమాజు చేసుకునేవాడు. ఎండెక్కాక టీకొట్టు దగ్గర ఆవలిస్తూ, ఇవాళ కూడా నిద్ర లేవలేదని అందరికీ చెప్పేవాడు. సారాకొట్టుకి రొట్టెలు ఇవ్వడానికి వెళ్ళి, వచ్చేటప్పుడు మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. చుక్క ముట్టని మనిషికి తాగుబోతన్న పేరొచ్చింది. ఆ పేరు వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. అదే పేరు విని అక్క వెనక గదిలో కూర్చుని ఏడ్చింది. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని పెద్దలు ఊరికే అనలేదు.

నేను వెల్డింగు పనివాణ్ణి. బావమరిదినన్న చనువు కూడా ఉంది కనక నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. ఆయన చేతులు జోడించి నవ్వేవాడు. "నువ్వొచ్చి తిట్టిన రోజు నాకు కడుపు నిండుతుంది బామ్మర్దీ. మా గురువు తర్వాత నువ్వే" అనేవాడు. వేళాకోళం అనుకున్నాను. నా తిట్లతో ఆయన పుణ్యం పోగుచేసుకుంటున్నాడని తెలిసి ఉంటే, మధ్యమధ్య కాస్త పొగిడి చెడగొట్టేవాణ్ణి.

సరే, ఇదంతా ఆయన సరదా అనుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేనిది తర్వాత జరిగింది.

వాళ్ళ బట్టీకి ఎదురుగా ఇంకో బట్టీ ఉండేది. ఇద్దరికీ పిండి ఒకే మర నుంచి వచ్చేది, రొట్టె అచ్చులు కూడా ఒకటే. పొట్లం విప్పాక ఏది ఎవరిదో చెప్పడం కష్టం. ఒక వానాకాలం బడి గేటు దగ్గర రొట్టె కొనుక్కుతిన్న పిల్లలు వాంతులతో పడిపోయారు. చాలామంది తేరుకున్నారు. ఆ సందులోనే ఉండే కుట్టుమిషనావిడ కూతురు తేరుకోలేదు.

జనం కర్రలు పట్టుకుని ఎదురు బట్టీ మీదికి వచ్చారు. బట్టీవాడు తలుపు గడియ పెట్టుకుని లోపల వణికిపోతున్నాడు. అప్పుడు మా బావ పిండి అంటిన చేతులతోనే వీధిలోకి వెళ్ళి, ఆ రొట్టెలు తనవేనన్నాడు. ఎలకల మందు ఒలికిన బస్తాను పైపైన తీసేసి వాడేశానని చెప్పాడు. కర్రలు ఇటు తిరిగాయి. తల పగిలి రక్తం కారుతున్న మనిషిని పోలీసులు వచ్చి తీసుకుపోయారు. బావ పొయ్యికి సీలు పడింది. జీపు ఎక్కేముందు అక్క ఆయన చొక్కా పట్టుకుని అడిగింది.

"నిజంగా మన పిండేనా?"

"మన పిండే" అన్నాడు.

"అయితే కలిపింది నేనే కదా!"

ఆయన తల దించుకున్నాడు. తప్పుచేసినవాడు దించుకున్నట్టే ఉంది, అందరం నమ్మాం.

అక్క ఆ తర్వాత పిండి ముట్టుకోలేదు. మందు కలిసిందని పసిగట్టలేకపోయిన చెయ్యి నాది అనేది. సబ్బుతో తోమీ తోమీ అరచేతులు పగిలిపోయాయి. మా ఇంటికి వచ్చినా వంటగది గుమ్మం దాటేది కాదు. మా పిల్లలు ఆకలని కొంగు పట్టుకుని లాగితే, మీ అమ్మనడగండమ్మా అని వెనక్కి జరిగేది. అప్పుడప్పుడు కుట్టుమిషనావిడ గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడేది. ఆవిడ చూసి, లేచి, తలుపు వేసుకునేది. అక్క ఆ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడి తిరిగి వచ్చేది. వద్దే అక్కా అని ఎన్నోసార్లు చెప్పాను. నా మాట వినలేదు.

బావ జైలు నుంచి వచ్చి, ఎదురు బట్టీలోనే బస్తాలు మొయ్యడానికి కుదురుకున్నాడు. ఆ యజమాని ఎందుకు తేలు కుట్టిన దొంగలా ఉండేవాడో, ఎందుకు బావ కళ్ళలోకి చూసేవాడు కాదో నాకు అప్పట్లో అర్థం కాలేదు. చివరికి ఏమీ చెప్పకుండానే పక్షవాతంతో పోయాడు. వీధిలో ఆడవాళ్ళు బావని చూసి ఉమ్మేవాళ్ళు. ఆయన హాయిగా ఉండేవాడు. అంత హాయిగా ఉన్న మనిషిని చూస్తే పనిలేనివాళ్ళకి అనుమానం వస్తుంది, ఇందులో ఏదో ఉందని. అలా శిష్యులు చేరారు.

వాళ్ళలో పెద్దాయనకు నిట్టూర్పు అని నేనే పేరు పెట్టాను. మందులషాపు యజమాని. ప్రతి మాటకీ ముందు ఒక నిట్టూర్పు విడిచేవాడు. గురువు నిందలు పడ్డాడు కదా అని వీళ్ళు కూడా నిందల కోసం బయల్దేరారు. నిట్టూర్పు చిరిగిన చొక్కాని ఇస్త్రీ చేయించి వేసుకునేవాడు. నేను పరమ నీచుణ్ణి అని ఒకడంటే, నాకన్నానా అని ఇంకొకడు పోటీకొచ్చేవాడు. ఒకసారి సరదాపడి వాళ్ళలో ఒకడితో, అవునండీ మీరు నీచులే అన్నాను. ఆ మనిషి నాతో మళ్ళీ మాట్లాడలేదు.

వీళ్ళు వచ్చేటప్పుడు టీ ఫ్లాస్కులో తెచ్చుకునేవాళ్ళు. అక్క వెనక గదిలో టీ పెట్టి, గ్లాసులు కడిగి సిద్ధంగా ఉంచేది. ఫ్లాస్కు మూత తీసిన చప్పుడు వినపడగానే ఆ టీ మోరీలో పారబోసేది. ఊరంతా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు కనక వీళ్ళూ అంతేననుకున్నాం.

బావ జ్వరంతో పోయాడు. పెద్దగా బాధపడలేదు, ఆ విషయంలో కూడా అదృష్టవంతుడే. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి ముందు గదిలో పడుకోబెట్టారు. అక్క వెనక గదిలో, తెర అవతల కూర్చుంది. ఎత్తేముందు అడగాల్సిన మాట ఒకటుంది. ఈయన వల్ల ఎవరికైనా కష్టం కలిగితే మాఫ్ చెయ్యండి అని బతికున్నవాళ్ళని అడుగుతారు. నమాజు చేయించే ముసలాయన ఆ మాట అడగబోతుంటే, నిట్టూర్పు ఆయన్ని భుజం పట్టుకుని పక్కకి జరిపాడు.

ఒక నిట్టూర్పు విడిచి మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ ఈ మహాత్ముణ్ణి మీరు పసిపిల్లని చంపినవాడన్నారు, ఆ విషపు రొట్టె ఎదురు బట్టీది అన్నాడు. జనం ఒక మనిషిని కొట్టి చంపబోతుంటే చూడలేక గురువుగారు ఆ పాపం తన మీద వేసుకున్నారన్నాడు. ఈ సంగతి ఆయనే ఎప్పుడో తనతో చెప్పి, తాను పోయేదాకా బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకున్నారట. జనం బావురుమన్నారు. ఉమ్మినవాళ్ళే ముందుకొచ్చి కాళ్ళ దగ్గర పడ్డారు.

కర్రలకు ఎదురు వెళ్ళడం గొప్పే, కాదనను. నాకైతే అంత గుండె లేదు. కానీ జైలు నుంచి వచ్చాక గుమ్మం దాటి లోపలికి వచ్చి పెళ్ళాం చెవిలో ఒక్కమాట చెప్పడానికి ఏమొచ్చింది? ఆమెకు తెలిస్తే మొహంలో బయటపడుతుంది, సందులో పొక్కుతుంది, తన నింద పలచబడుతుంది. అందుకని మందులషాపువాడికి చెప్పాడు, ఒకే చాప మీద పడుకున్న మనిషికి చెప్పలేదు. నేను తెర వైపు చూశాను.

మాఫ్ చేశారా అని నిట్టూర్పు అడిగాడు. చేశామని వీధి దాకా ఒకటే గొంతు. తెర అవతల నుంచి మాత్రం మాట రాలేదు. భార్య మాట కూడా కావాలని ముసలాయన గుర్తుచేస్తే, నిట్టూర్పు తెర దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మీరొక్కరే మిగిలారు. మాఫ్ చేశానని ఒక్కమాట అనండి."

"నీకు ముందే తెలుసా?" అంది అక్క. గొంతు చాలా మామూలుగా ఉంది.

"తెలుసమ్మా."

"మీ వాళ్ళందరికీ?"

"దగ్గరి శిష్యులందరికీ తెలుసమ్మా."

"తెలిసీ నా చేతి టీ తాగలేదా?"

"తాగితే జనానికి అనుమానం వచ్చేదమ్మా. గురువుగారి రహస్యం బయటపడేది."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, అక్కడ తినకుండానే ఇల్లు కూల్చిన ఘనులు వీళ్ళే. వాడి ఇస్త్రీ చొక్కా పట్టుకుందామని నేను లేవబోతుంటే అక్క మళ్ళీ మాట్లాడింది.

"నేను మాఫ్ చెయ్యను."

ముసలాయన గడ్డం పట్టుకుని, ఇలా ఎత్తడం మంచిది కాదమ్మా అని గొణిగాడు. నిట్టూర్పు మొహం మాత్రం తెల్లారినట్టు వెలిగింది. శిష్యుల వైపు తిరిగి, కన్నీళ్ళు పెట్టుకుని, గురువుగారు కోరుకున్నది ఇదేనన్నాడు. కట్టుకున్న భార్య కూడా మాఫ్ చెయ్యని మనిషి, ఇంతకన్నా పెద్ద మెట్టు ఈ దారిలో లేదట. సమాధి మీద ఇదే చెక్కించాలని పక్కవాడితో అంటున్నాడు. శిష్యులు తలలూపుతున్నారు. మా అక్క కోపం కూడా ఆయన ఖాతాలోకే పోయింది.

అప్పుడు అక్క తెర తీసుకుని బయటికి వచ్చింది. బావ మొహం వైపు వంగి చూసింది.

"ఆయనకి కావలసింది ఇదా?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాడు నిట్టూర్పు, మెరుస్తున్న కళ్ళతో.

"అయితే మాఫ్ చేశాను. అందరూ వినండి. చాలా మంచివాడు, నాకు ఏ లోటూ చెయ్యలేదు. ఇక తీసుకెళ్ళండి."

నిట్టూర్పు నోరు తెరిచాడు. ఒక నిట్టూర్పు కూడా రాలేదు. ముసలాయన హమ్మయ్య అనుకుని ముందుకు నడిచాడు. శిష్యులు శవాన్ని భుజాలకెత్తుకుని, మొహాలు వేలాడేసుకుని గుమ్మం దాటారు. మోసేవాళ్ళకి కొదవలేదు కనక నేను వెళ్ళలేదు.

వీధి చప్పుడు దూరమయ్యాక అక్క నేల మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది. మొగుడి కోసం కాదు.

"ఆ పిల్ల తిన్నది నా రొట్టె కాదటరా తమ్ముడూ" అంది.

కాదక్కా, నీది కాదు అన్నాను.

ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.