కల్వర్టు దాటిన చప్పుడు

మా ఆయన కారు చేవెళ్ల మలుపు తిరిగితే ఊరందరికీ తెలిసేది. హారన్ వల్ల కాదు, బానెట్ వల్ల. గుంతకొక కిర్రు, గతుక్కొక కిర్రు. పట్నంలో ఎవరో వాడి వాడి వదిలేసిన ల్యాండ్‌మాస్టర్ అది. కొన్న రోజున మా ఆయన దాన్ని పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. నేను హారతి పళ్లెం పట్టుకుని, "పెండ్లిపిల్లకు అప్పుడే కీళ్లనొప్పులు పట్టుకున్నయా?" అన్నాను. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవ ముదిరింది. బస్సులు నడిస్తే నడిచాయి, లేకపోతే లేదు. లంగర్‌హౌస్ దగ్గర రాళ్లు, మెహదీపట్నం దగ్గర పోలీసులు. లోకానికంతా కష్టం వచ్చిన ఆ రోజుల్లోనే మా కారుకు గిరాకీ వచ్చింది. మొయినాబాద్‌లో ఉండే వకీలు బుచ్చయ్య పట్నం కోర్టుకు పోయి రావడానికి మా కారు మాట్లాడుకున్నాడు. పొద్దున ఆయన్ను మొయినాబాద్‌లో ఎక్కించుకోవడం, సాయంత్రం అక్కడే దింపి, ఖాళీ బండితో చేవెళ్ల రావడం మా ఆయన పని. వకీలుకు ఒంటితలనొప్పి ఉంది. ఒకనాడు దిగుతూ, "రాజమౌళీ, కోర్టుల వాదించేది నేనా, నీ బానెటా? ఈ ఐతారం లోపల దీని నోరు మూపియ్యి. లేకుంటె నేను వేరే బండి చూసుకుంట" అన్నాడట. మా ఇల్లు ఆ ఒక్క గిరాకీ మీదే నడుస్తోంది.

ఆదివారం పొద్దున్నే మా ఆయన బానెట్ ఎత్తి దొంగ కోసం వెతకడం మొదలుపెట్టాడు. కబ్జాలకు, అంటే బానెట్ మడతబందులకు, ఆముదం పోశాడు. కిర్రు పోలేదు. కొక్కేనికి గ్రీజు పూశాడు. పోలేదు. నన్ను ముందు బంపర్ మీద నిలబడి బండిని ఊపమన్నాడు. "సిగ్గు లేదా, బజార్ల పెండ్లాన్ని ఎగిరిపిస్తవా?" అంటూనే ఎక్కి ఊపాను. ఆయన బానెట్‌కు చెవి ఆనించి, అక్కడ నొక్కి ఇక్కడ నొక్కి, "ఇనుముకు ఇనుము రాసుకుంటున్నది. ఏడనో తెలుస్తలేదు" అన్నాడు.

అరుగు మీద మా అత్త సత్తమ్మ ఆకులు వేసుకుంటోంది. కళ్లకు పొరలు కమ్మి ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించేవి కావు. మా ఆయన చూపు ఆమె సున్నపు డబ్బీ మీద పడింది.

"అవ్వా, జర నీ సున్నం ఇయ్యే."

బానెట్ ఆనే అంచు పొడుగునా సున్నం రాసి, మూసి, నన్ను మళ్లీ ఊపమన్నాడు. తెరిచి చూస్తే అంతటా సున్నం తెల్లగా ఉంది, ఎడమ మూల ఒక్కచోట మాత్రం చెరిగిపోయి ఇనుము మెరుస్తోంది. అక్కడ ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, మడిచి, ఆ సందులో ఇరికించి బానెట్ మూశాడు. ముక్క కొస కొంచెం బయటికి వేలాడింది. సున్నమంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఊరి చివరిదాకా నడిపి వచ్చాడు. చప్పుడు లేదు. మీసం దువ్వుకుంటూ దిగాడు.

"ఇగ సప్పుడు రాదారా?" అని అడిగింది అత్త.

"రాదవ్వా. బండి వచ్చిందని గూడ ఎవలకు తెల్వది."

అత్త డబ్బీకి మూత పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మా అత్తకు ఒక పట్టుదల ఉంది. ఇంటి మనిషి ఊరు పోతే, తిరిగి వచ్చేదాకా ఎసట్లో బియ్యం పోయదు, నన్ను పోయనివ్వదు. ఎసరు మాత్రం మరుగుతూ ఉండాలి. రజాకార్ల కాలంలో మా మామ ఎడ్లబండి కట్టుకుని పట్నం పోయి మళ్లీ రాలేదు. ఆయన కోసం వండిన అన్నం కుండలోనే ఉండిపోయింది. అప్పటినుంచి ఆమెది ఇదే పద్ధతి. కట్టెలు దండగ అని నేను సణిగినా వినేది కాదు. మలుపు దగ్గర కిర్రుమనగానే, "వసంతా, బియ్యం పొయ్యి" అని కేక వేసేది.

సోమవారం సాయంత్రం మా ఆయన చప్పుడు లేకుండా వచ్చి, గడపలో నిలబడి "అవ్వా" అన్నాడు. అత్త ఉలిక్కిపడి లేవబోయి గోడ పట్టుకుంది.

మర్నాడు బానెట్ మళ్లీ కిర్రుమంది. చూస్తే ట్యూబు ముక్క లేదు. దారిలో జారిపోయిందనుకుని ఇంకోటి పెట్టాడు. అదీ పోయింది. పంక్చర్లు వేసే సొల్యూషన్ పూసి అంటించాడు. అదీ మాయం. వకీలు మొహం మాడ్చుకున్నాడని చెప్పి, మా ఆయన ఆ కోపం నా మీద చూపించాడు.

"పొద్దుగాల బండి తుడిచేది నువ్వే గదా?"

"అవు, రబ్బరు ముక్కలు పీకి కూర వండుతున్న! రేపు నీ సద్దిల గూడ పెడ్త."

నాకు ఒళ్లు మండిపోయింది. చేసిన తప్పుకే మాట పడని దాన్ని, చేయని తప్పుకు పడతానా? దొంగను నేనే పట్టాలనుకున్నాను.

తెల్లారి బండి తుడవడానికి పోయేసరికి ముక్క అప్పటికే లేదు. ఆ మూలన తెల్లటి వేలిముద్ర ఉంది. సున్నం. ఆదివారం పూసిందంతా మా ఆయన నా కళ్ల ముందే తుడిచేశాడు. మా ఇంట్లో ఆకులు వేసుకునేది ఒక్క మనిషే.

"అత్తా, రబ్బరు ముక్కలేవి?" అన్నాను.

ఆమె బొంకలేదు. కొంగు ముడి విప్పి చూపించింది. "ఇగో, అన్నీ ఉన్నయి. ఒక్కటి గూడ పారెయ్యలే."

"గిట్ల చేస్తె నీ కొడుకు గిరాకీ పోతదని ఎరుకేనా?"

"గిరాకీ పోతె ఇంకోటొస్తది పిల్లా." ఆమె మలుపు వైపు మొహం తిప్పింది. "ఆడ రాళ్లేస్తున్నరట, తుపాకులు పేలుస్తున్నరట. వాడు పానంతోని మలుపు తిరిగిండని నాకెట్ల తెల్వాలె? చూద్దామంటె కండ్లు లెవ్వు."

"హారన్ కొట్టమని చెప్త."

"తొవ్వల పోయేటోళ్లందరు హారన్లు కొడ్తరు. మొన్న లారీ కొడితె వాడే అనుకొని లేచి నిలబడ్డ. ఆ కిర్రు మనోనిదొక్కటే."

మారు తిట్టకుండానే బండి తుడవడానికి పోయాను. అలా కావడం చాలా అరుదని మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. నేను అత్తనడిగి తెచ్చిన ముక్కలను అరచేతిలో పెట్టుకుని లెక్కపెట్టాడు. "వకీలుకు సప్పుడు వద్దు, అవ్వకు సప్పుడు గావాలె. ఏం జెయ్యాలె?" అని తల గోక్కున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చిత్రం, ఆ మర్నాటినుంచి వకీలు సణుగుడు ఆగిపోయింది. పొద్దున బండి చప్పుడు లేకుండా పోయేది, సాయంత్రం కిర్రుమంటూ వచ్చేది. నాకు అర్థం కాలేదు. అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఒక సాయంత్రం బర్రెకు గడ్డి కోసుకొస్తుంటే కనిపించింది. మలుపుకు ముందు కల్వర్టు దగ్గర మా ఆయన కారు ఆపాడు. దిగి, బానెట్ మూలనుంచి ముక్క లాగి జేబులో వేసుకుని, మళ్లీ ఎక్కాడు. కారు కిర్రు కిర్రుమంటూ ఇంటి వైపు పోయింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఈ సంగతి అత్తకు చెప్పలేదు.

పట్నంలో కాల్పులు జరిగాయన్న మాట ఒకనాడు మధ్యాహ్నమే చేవెళ్లకు వచ్చింది. దీపాలు పెట్టే వేళ దాటినా మా ఆయన రాలేదు. ఎసరు ఇంకిపోతే నీళ్లు పోశాను. మళ్లీ ఇంకింది, మళ్లీ పోశాను. కట్టెలు దండగ అనే నేను కట్టె మీద కట్టె ఎగదోస్తున్నాను. అత్త ఆకుల సంచి ముట్టలేదు. పెళ్లయ్యాక నేను అంత భయపడింది ఆ రోజే.

దూరంగా కిర్రుమంది.

అత్త నోరు తెరిచేలోపే బియ్యం ఎసట్లో పోసేశాను.

బయటికి పరుగెత్తాను. కారు ముందు అద్దం లేదు. మా ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు, దాని మీద నెత్తురు. "ఏం గాలే. చిన్న రాయి. వకీలుకు ఏం దాకలే. అవ్వకు చెప్పకు" అని గొణిగాడు. అంతలోకే ఆమె గోడ పట్టుకుని వచ్చి కొడుకు మొహమంతా తడిమింది. చేయి తువ్వాలు దగ్గర ఆగింది.

గాయం కడగడానికి ఆయన చొక్కా విప్పుతుంటే జేబులోంచి ఏదో అత్త కాళ్ల దగ్గర పడింది. ట్యూబు ముక్క. తల పగిలి, కళ్లలోకి నెత్తురు కారుతున్నా మనిషి కల్వర్టు దగ్గర ఆగి దిగాడు.

అత్త వంగి, నేల తడిమి దాన్ని తీసింది. వేళ్లతో అటూ ఇటూ నిమిరింది.

"రోజు కల్వర్టు కాడ బండి ఆగుడు, మల్ల కదులుడు వింటనే ఉన్న, కొడుకా," అంటూ ముక్కను కొడుకు చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "పైలంగ పెట్టుకో. పొద్దుగాల వకీలుకు గావాలె."

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.