పక్కన కూర్చునే మనిషి

"మొఖం మీదొద్దురా, రేపు మీటింగున్నది," అంది మా అత్త పుష్పలీల, సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

కాగుతున్న నూనె మూకుడు మీదికి నా తల వంచిన మా ఆయన అమరేందర్ జుట్టు వదిలి చపాతీ కర్ర అందుకున్నాడు. అది మోచేతి పైన పడింది. మళ్ళీ అక్కడే పడింది. నేను చేసిన తప్పల్లా, మీటింగుకు సమోసాలు చుడుతూ "ఆ గది వస్తే మంచిదేనేమో" అనడం. లండన్ శివారు హేస్‌లో మా వీధి చివర మూతబడిన పబ్బులో, మత్తుమందు ఎక్కించుకునేవాళ్ళు నర్సు కళ్ళెదుటే ఎక్కించుకునే గది పెట్టనివ్వమని ఒక సంస్థ అడుగుతోంది. వద్దని మా ఆయన ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నేను తుడిచే ఆఫీసు టాయిలెట్లో ఒక పిల్ల సూదితో పడి ఉంటే, అంబులెన్స్ వచ్చేలోపే ఆమె తల నా ఒళ్ళో చల్లబడింది. అది చెప్పాను. "గంజాయిగాళ్ళకు వకీలువైనవా?" అన్నాడు.

తర్వాత అత్త నూనెలో పసుపు కాచి పట్టు వేసింది. ప్రతిసారీ ఆమే వేస్తుంది. ఎక్కడ కొట్టనివ్వాలో, ఎప్పుడు ఆపాలో, టీవీ సౌండు ఎంత పెంచాలో ఆమెకు తెలుసు. "పొడుగు చేతుల రైక ఏస్కో బిడ్డా. సంసారమన్నంక ఉంటయి."

మర్నాడు ఆ గది గురించిన మీటింగు హాల్లో అమరేందర్ సూటు వేసుకుని మైకు పట్టుకున్నాడు. "కళ్ళముందు తప్పు జరుగుతుంటే పక్కన కూర్చుని చూడటం సాయమా? అది తప్పుకు కాపలా!" అని ఇంగ్లీషులో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషు రాని మా అత్త అందరికన్నా గట్టిగా కొట్టింది.

ఆ సంస్థ నర్సు లేచింది. "మనిషి చచ్చిపోకుండా చూస్తాం. బయటపడాలనుకున్న రోజు పక్కన ఒకరుండాలి కదా," అంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నా పక్కనా ఒక మనిషి కూర్చునే ఉంది. నేను చావకుండా కాదు, దెబ్బ బయటికి కనబడకుండా.

వద్దనేవాళ్ళను చేతులెత్తమన్నారు. అమరేందర్ నావైపు చూశాడు. నేను ఎత్తలేదు. కావాలనేవాళ్ళను అడిగినప్పుడు లేచి నిలబడి, రైక చెయ్యి భుజందాకా మడిచి, ఎత్తాను. పసుపు కింద చర్మం నల్లగా ఉబ్బి ఉంది.

"స్నేహా, చెయ్యి దించు," అన్నాడు తెలుగులో, నవ్వు చెదరకుండా. అత్త నా కొంగు పట్టి లాగింది. దించలేదు.

నర్సు కుర్చీలు జరుపుకుంటూ వచ్చింది. "ఇప్పుడేం చేయమంటారు?" అని మెల్లగా అడిగింది.

"పోలీసులకు ఫోన్ చేస్తాను," అన్నాను. "వాళ్ళు వచ్చేదాకా నా పక్కన కూర్చోండి."