టిఫిన్ డబ్బా అంత కాలేజీ

రోజూలాగే రాళ్ల మేష్టారు బస్సెక్కి, కాలేజీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"దానికి లగేజీ టికెట్ కొట్టనా?" అన్నాడు కండక్టర్.

"మొన్న కొట్టావు కదయ్యా, ఇప్పుడింకా చిక్కిపోయింది."

కండక్టర్ వంగి చూసి, నిజమేనని ముందుకెళ్లిపోయాడు.

ఆ ఊళ్లో కాలేజీలు చేరేవాళ్లని బట్టి పెరుగుతాయి, తరుగుతాయి. అన్నిటికన్నా పాతది లా కాలేజీ. తాతల కాలంలో గుట్టంతా దానిదే, ఇప్పుడు ఓ మూల సర్దుకుని కూర్చుంది. మాయదారి జ్వరాలొచ్చిన ఏడాది మెడికల్ కాలేజీ రోడ్డు దాటి అవతల కాలు పెట్టింది, మళ్లీ వెనక్కి తీసుకోలేదు. ఇంజనీరింగ్ కాలేజీ సంగతి చెప్పనే అక్కర్లేదు, రెండు సినిమా హాళ్లనూ కూరగాయల మార్కెట్‌నూ మింగి కూర్చుంది. సంగీత కళాశాల మాత్రం ఏనాడూ ఒక్క ఇటుక పెరగలేదు, తరగలేదు. ఎంతమంది చేరతారో అంతమందీ విసుగెత్తి మానేస్తారు.

గనులు తవ్వే రోజుల్లో భూగర్భశాస్త్ర కళాశాల ఓ వెలుగు వెలిగింది. గనులు మూతపడ్డాయి, చేరేవాళ్లు తగ్గారు. ఆఖరి విద్యార్థి కూడా బిజినెస్ కోర్సుకు జారుకున్నాక అది టిఫిన్ డబ్బా అంతయింది. ఎవరి కాలి కింద పడుతుందోనని మేష్టారే సంచిలో వేసుకుని తిరుగుతున్నారు. ఆ సాయంత్రంతో అడ్మిషన్లు ఆఖరు. అప్పటికీ ఎవరూ చేరకపోతే కాలేజీ మాయమైపోతుంది, దాంతోపాటు ఆయన బతుకంతా చెప్పిన పాఠాలూ.

అడ్మిషన్ల మేళాలో దాన్ని బల్ల మీద పెట్టుకుని నిలబడ్డారు. పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూసి, "భలే ఉందే" అని ఇంజనీరింగ్ వరసలోకి వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం ధర అడిగింది, షోకేసులో పెట్టుకోవడానికి.

పొద్దు వాలకముందే ఇల్లు చేరారు.

"ఎవరైనా చేరారా?" కుట్టుమిషన్ ఆపకుండానే అడిగింది భార్య.

"ఎవరు చేరతారు? అందర్నీ అడిగి అడిగి నోరు నొప్పెట్టింది."

"అందర్నీ అడిగారు. నన్నడిగారా?"

మేష్టారు నవ్వబోయారు. ఆమె నవ్వట్లేదు.

"పెళ్లయిన కొత్తలో ఏటి ఒడ్డున నా చేతిలో గులకరాయి పెట్టి, ఇదొకప్పుడు కొండ అన్నారు. ఇంత చిన్నదెలా అయిందని అడిగేలోగా బస్సొచ్చింది. ఆ మిగతాది ఎప్పుడు చెబుతారా అని చూస్తూనే ఉన్నాను. మీరేమో చెప్పాల్సిందంతా బయట చెప్పేసి, ఇంటికొచ్చి కూరలో ఉప్పు తక్కువైందనేవారు."

మేష్టారికి తల కొట్టేసినట్టయింది. కాలేజీని ఆమె ముందు పెట్టారు. ఆమె దాని గుమ్మానికి వేలు ఆనించి, "చేరుతున్నాను" అంది.

కాలేజీ ఒళ్లు విరుచుకుంది. ఇద్దరూ గబగబా పెరట్లోకి మోసుకెళ్లి దించారో లేదో, బట్టలారేసిన తీగను తెంపుకుని గది అంత అయి నిలబడింది. లోపల ఒక బెంచీ, ఒక నల్లబల్ల.

"మా వైపు మాత్రం కిటికీ పెట్టకండి," అంది పక్కింటావిడ గోడ మీంచి చూసి.

భార్య చేతులు కడుక్కొచ్చి బెంచీ మీద కూర్చుంది. మేష్టారు హాజరు వేయబోయి ఆగిపోయారు. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆమెను "ఇదిగో", "ఏమోయ్" అనడమే తప్ప ఇంకోలా పిలిచి ఎరగరు. గొంతు సవరించుకుని, పేరు పెట్టి పిలిచారు.

ఆమె లేచి నిలబడింది.

"ఇంకోసారి పిలవండి సార్," అంది.

పిలిచారు.